కౌబాయ్ చిత్రమునకు తెలుగునేల

1971 ఆగస్టు 27వ తేదీన 'మోసగాళ్లకు మోసగాడు' అను చిత్రము విడుదలయ్యెను. వెడల్పాటి అంచుగల టోపీ, తోలుకోటు, నడుమున వ్రేలాడు తుపాకి, కనుచూపుమేర ఇసుక: ఇట్టి కథానాయకుని తెలుగు ప్రేక్షకుడు అంతకుముందు ఆంగ్ల చిత్రములలో తప్ప చూచి యెరుగడు. ఆ వేషము ధరించిన నటుడు కృష్ణ, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. ఇంతవరకు సినిమా చరిత్రలు వ్రాయువారందరును చెప్పుచున్నదే. ఆ చిత్రమునకు రచయిత ఆరుద్ర యను సంగతిని మాత్రము వారు ఒక్క పంక్తిలో ముగింతురు. 'త్వమేవాహం' కావ్యమును రచించిన ఆరుద్ర, 1965 నుండి 'సమగ్రాంధ్ర సాహిత్యము'ను సంపుటములుగా వెలువరించుచు రాజవంశముల కాలక్రమమును, కవుల కాలనిర్ణయమును చర్చించుచుండిన ఆరుద్ర, ఆ దినములలోనే గుఱ్ఱముమీద తుపాకి పట్టిన వీరుని కథ వ్రాసెను. సాహిత్యచరిత్ర వ్రాయువారు ఈ సంగతిని అసలే తలపెట్టరు. ఈ రెండు మౌనముల నడుమ ఒక చరిత్ర ప్రశ్న మరుగుపడి యున్నదని మా అభిప్రాయము.

కౌబాయ్ చిత్రము ప్రధానముగా నేలనుబట్టి పుట్టిన కథ. నేల మారినచో కథ మారును. అట్లయినచో తెలుగు కౌబాయ్ ఏ నేలమీద గుఱ్ఱమెక్కినాడు? ఏ నేలమీద ఎక్కవలసి యుండెను? అనంతపురపు మెట్టభూమినెరిగిన వారికి ఈ ప్రశ్న ఊరక తోచునది కాదు.

మొదట నిర్మాణవిషయము. కృష్ణ 1943 మే 31న తెనాలి చెంతనున్న బుర్రిపాలెములో జన్మించెను. 1965లో 'తేనె మనసులు' చిత్రముతో కథానాయకుడై, మరుసటి యేట 'గూఢచారి 116'తో సాహస చిత్రముల నాయకుడుగా పేరు పడసెను. సోదరులు హనుమంతరావు, ఆదిశేషగిరిరావులతో కలసి పద్మాలయా సంస్థను నెలకొల్పి, 1970లో 'అగ్నిపరీక్ష'ను, తరువాత ఈ చిత్రమును నిర్మించెను. ఆంగ్ల కౌబాయ్ చిత్రములను చూచి కలిగిన ఉత్సాహమే తన ప్రయత్నమునకు మూలమని ఆయన తరువాతి కాలమున పలుమారు చెప్పియున్నాడు. 'మెకన్నాస్ గోల్డ్' (1969) మన దేశమున బహుళముగా ఆదరింపబడిన కాలమది. సెర్జియో లియోనీ తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966) లో వలెనే తెలుగు చిత్రములోను దాచిన నిధికై ఒకరినొకరు నమ్మని మనుష్యుల పరుగే కథకు వెన్నెముక.

ఇక్కడ ఒక స్పష్టీకరణము అవసరము. నటుడు దర్శకుడైనప్పుడు తన పాత చిత్రములన్నియు తాను తీసినట్లే లోకము చెప్పుకొనును. 1971లో కృష్ణ దర్శకుడు కాడు. నటుడు, నిర్మాణ సంస్థలో భాగస్వామి. కూర్పరిగా వృత్తి నేర్చి దర్శకుడైన దాస్‌ది ఈ చిత్రమునందలి వేగము. అంతకు ముందటి యేట విజయలలిత నాయికగా 'రౌడీ రాణి' తీసి, పోరాట చిత్రమును స్త్రీచేత నడిపించినవాడు ఆయన. వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణము, ఆదినారాయణరావు సంగీతము ఈ కృషిలో తక్కువ పాలు గలవి కావు. అయినను ఇట్టి చిత్రము తీయవలెనను పట్టుదల, దానికై ధనము ఒడ్డిన సాహసము నటునివే. తరువాత 'అల్లూరి సీతారామరాజు' (1974) నిర్మాణము నడుచుచుండగా దర్శకుడు వి. రామచంద్రరావు మరణించుటచే ఆ భారము కొంత కృష్ణమీదనే పడినది. తన పేరనే దర్శకుడుగా ఆయన తీసిన ప్రతిష్ఠాత్మక చిత్రము 'సింహాసనం' (1986). అది తెలుగున తొలి 70 మి.మీ. చిత్రము. దానినిగూర్చి పిదప చెప్పెదము.

రచయిత యొనర్చిన పని యేమి? పరదేశపు వేషమును యథాతథముగా దింపుకొనక, దానికి ఆంగ్లేయుల ప్రాబల్యకాలమును, ఒక సంస్థానపు నిధిని కల్పించి, మన చరిత్రలో ఎక్కడనో ఒకచోట కుదురుకొల్పుట. నాగభూషణము ధరించిన పాత్రకు 'నక్కజిత్తుల నాగన్న' యని పేరు పెట్టుటలోనే ఆరుద్ర మార్గము తెలియుచున్నది. లియోనీ చిత్రములోని కుటిలుడు అమెరికా సరిహద్దువాడు. నాగన్న తెలుగు పల్లెల తగవుకథలలోనివాడు. టోపీ విదేశమునుండి వచ్చినది, బుద్ధి మాత్రము ఇంటిదే. సాహిత్యచరిత్రకారుని చేయి ఇక్కడ పట్టుబడుచున్నదని మా నమ్మకము. వేషము కాలమును వెదకుకొనవలెను. కాలము లేని వేషము బొమ్మల కొలువు.

'భారతదేశపు తొలి కౌబాయ్ చిత్రము' అని దీనిని వర్ణించుట అలవాటైనది. ఈ మాటను విద్యార్థులు పరీక్షింపక వాడరాదు. ఛాయాగ్రాహకుడైన కర్ణన్ దర్శకత్వమున, జయశంకర్ నాయకుడుగా తమిళమున 'కాలం వెల్లుం' 1970లోనే వెలువడినది. పిదప ఆయనయే 'గంగా', 'జక్కమ్మ' యను చిత్రములను అదే తీరున తీసెను. మదరాసు చిత్రశాలలలో తెలుగువారును తమిళులును ప్రక్కప్రక్కనే పనిచేయుచుండిన ఆ దినములలో ఎవరినుండి ఎవరికి ఏమి సంక్రమించెనో విడదీయుట కష్టము. తెలుగున తొలి కౌబాయ్ చిత్రమని చెప్పినచో ఎవరికిని ఆక్షేపణ యుండదు. ప్రాథమ్యమునకై పోరాడుటకంటె, రెండు భాషలును ఒకే కాలమున ఈ వేషమును ఎందుకు కోరినవని అడుగుట ప్రయోజనకరము. జానపద చిత్రములలోని కత్తి అప్పటికి తుప్పు పట్టుచుండెను. గుఱ్ఱము మిగిలినది, అడవి మిగిలినది, మారువేషము మిగిలినది. ఆయుధము మాత్రము మారవలసి యుండెను. 'పాతాళభైరవి' (1951) తీసిన కె.వి. రెడ్డి ఈ జిల్లాలోని తాడిపత్రివాడే యనుట ఇక్కడ గుర్తు చేసికొనదగినది. నిధి, సాహసికుడు, మాయగాడు అను ముగ్గురిని ఒకచోట కూర్చుట ఇరువది యేండ్ల ముందే మన తెర నేర్చుకొని యుండెను.

ఇక నేల. 'మోసగాళ్లకు మోసగాడు' బృందము ఇసుకకై రాజస్థానమునకు పోయినది. బికనీరు ప్రాంతపు ఎడారి, ఉత్తరపు కొండలు ఆ చిత్రమునకు రంగస్థలములైనవి. తెలుగు కథ, తెలుగు నటులు, తెలుగు మాటలు, నేల మాత్రము తెలుగుది కాదు. వర్షపాతములో జైసల్మేరు తరువాత దేశమందలి మిక్కిలి పొడిజిల్లా అనంతపురమని తరచు చెప్పుదురు. ఏటికి సుమారు 550 మి.మీ. వాన, నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును, ఈశాన్య మేఘములు తీరము దాటి వచ్చుసరికి ఖాళీ యగును. అట్టి పొడినేల ఇంటనుండగా బృందము పొడినేలకై వేయి మైళ్లు పోవుట చూచి నవ్వుకొనుట సులభము. కాని నవ్వుటకు ముందు ఇటలీవారిని చూడవలెను.

లియోనీ అమెరికాకు పోలేదు. 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964) చిత్రమునకై ఆయన బృందము స్పెయిన్ దేశపు అల్మేరియా ప్రాంతమునకు పోయినది. టబెర్నాస్ ఎడారి అక్కడిదే. స్పెయిన్‌లోని ఆ బీదజిల్లా తెరమీద అమెరికా పడమటిసీమయై నిలిచినది. కథయు అమెరికాది కాదు. కురొసావా జపాను చిత్రము 'యొజింబో' (1961) నుండి వచ్చినది. అనగా కౌబాయ్ చిత్రము అప్పటికే దేశదేశములు తిరిగి, తన చిరునామా మరచిన ప్రక్రియ. అల్మేరియా అందుకు యోగ్యమైనచో అనంతపురము ఏల కాకపోయెను? గుత్తి దుర్గము, పెనుకొండ, రాయదుర్గము: కొండమీద కోట, కోటక్రింద బీడు, బీడుదాటి రాళ్లగుట్ట. ఏ చిత్రకారుడును ఇంతకంటె కోరడు.

ఇట్లడుగుటకు నేలరూపము ఒక్కటియే కారణము కాదు. అమెరికా కౌబాయ్ కథకు ప్రాణము ఒక సంధికాలము. పాత అధికారము పోయినది, క్రొత్త చట్టము ఇంకను రాలేదు. ఆ నడిమి యేండ్లలో తుపాకి గలవాడే న్యాయాధిపతి. అట్టి సంధికాలము తెలుగుదేశమున ఎక్కడ నిజముగా కలదని చరిత్రను అడిగినచో అది దత్తమండలమును చూపును. 1800 అక్టోబరు సంధిచేత నైజాము ఈ ప్రాంతమును ఆంగ్లేయ కుంఫిణీకి అప్పగించెను. అప్పటికి విజయనగరము కూలి రెండు శతాబ్దములు దాటినది; బీజాపురము, మరాటాలు, మైసూరు, నైజాము వంతులవారీగా పన్ను గుంజుకొని పోయిరి. మిగిలినవారు సుమారు 80 మంది పాలెగాండ్రు. ఒక్కొకనికి ఒక కోట, కొంత బలగము, కావలి పేర రైతులయొద్ద పన్ను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు గుడారములలో తిరుగుచు భూమి కొలిపించెను. సైనికబలముతో పాలెగాండ్రను అణచెను. పాలెగానికి కోట పోయి పింఛను వచ్చినది. రైతుకు పట్టా వచ్చినది, దానివెంట శిస్తు వచ్చినది. 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించిన మన్రోను మొదట గుత్తిలోనే ఖననము చేసిరి. ఈ కథలో చట్టము నక్షత్రపు బిళ్ల తగిలించుకొన్న షరీఫు రూపమున రాలేదు. భూమి కొలుచు గొలుసు రూపమున వచ్చినది. ఆ గొలుసునకును కోటకును జరిగిన పోరాటమును తెలుగు తెర ఇంకను సరిగా చూపలేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు (1846-47) ఆ పోరాటపు తోకయే. 'సైరా' (2019) దానిని స్వాతంత్ర్య సమరముగా చూపినదే కాని, పాలెగాని పింఛను, రైతు శిస్తు అను రెండు మాటలు అందు మరుగుపడినవి.

నిధి మాట యెత్తినచో ఇక్కడ నిధి కల్పన కాదు. వజ్రకరూరు పేరులోనే వజ్రమున్నది. అక్కడి కింబర్లైటు శిలలు భూగర్భ శాస్త్రజ్ఞులకు ప్రసిద్ధములు. తొలకరి వాన కురిసి మన్ను కడిగిన మరునాడు చేలలో వంగి రాళ్లు ఏరు జనము నేటికిని కనబడుదురు. వాన వచ్చినప్పుడు విత్తనము వేయవలసిన చేతులు రాయి వెదకుట ఈ సీమ వ్యవసాయమును గూర్చి ఏ నివేదికకంటె ఎక్కువ చెప్పును. రామగిరిలో బంగారుగనులు కలవు. ప్రాచీనుల త్రవ్వకములున్న చోటనే 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో ఆంగ్ల కంపెనీలు త్రవ్వినవి. పిదప ప్రభుత్వము త్రవ్వి, 2001లో మూసివేసినది. గని మూతపడిన ఊరు కౌబాయ్ చిత్రములలో తరచు కనబడు దృశ్యము. మన ఊళ్లలో అది దృశ్యముగా గాక బ్రతుకుగా నున్నది.

మరియొక సంఘటన. 1893 అక్టోబరులో గుంతకల్లు వద్ద రైలుదారిని వచ్చిన ఆంగ్ల సైనికులు కొందరు ఇద్దరు స్త్రీలను వెంటాడిరి. వారు ప్రాణభీతితో రైలుగేటు గుడిసెలో తలదాచుకొనిరి. గేటుకాపరి హంపన్న తలుపు విడువలేదు. సైనికుని తుపాకిగుండు తగిలి మరణించెను. విచారణ మదరాసులో జరిగినది. నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యెను. గుత్తి కేశవపిళ్లె ఈ వృత్తాంతమును 'హిందూ' పత్రికలో ప్రచురించి దేశమునకు తెలిపెను. కౌబాయ్ చిత్రమునకు కావలసిన సామగ్రి అంతయు ఇందున్నది: రైలు, మెట్ట, తుపాకి, ఆపదలోనున్న స్త్రీలు, ఒంటరిగా అడ్డము నిలిచిన మనిషి, న్యాయమెరుగని న్యాయస్థానము. ఒక్కటి మాత్రము లేదు. హంపన్న చేత తుపాకి లేదు. కౌబాయ్ చిత్రము తుపాకి వేగముచేత ధర్మమును తేల్చును. ఇక్కడ ధర్మము తుపాకి లేనివాని పక్షముననున్నది. అందుచేతనే కాబోలు, ఈ కథకు తెరమీద చోటు దొరకలేదు. ఇది మా ఊహయే. ఎవరును ఈ కథను విని తిరస్కరించిరని మేము చెప్పుటలేదు.

తిరిగి 1971కి వత్తము. అనంతపురమును విడిచి రాజస్థానమునకు పోవుటకు కెమెరా కారణములుండవచ్చును. ఇసుకతిన్నె తెరమీద వెంటనే 'ఎడారి' యని చెప్పును. మన ఎఱ్ఱనేల వేరుసెనగచేను అట్లు చెప్పదు. పరదేశపు వేషమునకు పరిచయము లేని నేల సహాయపడును. ఇవి కాదనరానివి. కాని మరియొక కారణము ప్రేక్షకుని మనస్సులో ఉన్నదని మాకు తోచుచున్నది. తెలుగువాని తలపున అనంతపురము సాహసభూమి కాదు, కరవుభూమి. విద్వాన్ విశ్వము 'పెన్నేటి పాట' (1956) పెన్నాతీరపు ఆకలిని కావ్యముగా చేసినది. ఆ కావ్యమును చదివినవాడు అదే ఇసుకలో నిధివేటను చూచి ఆనందింపగలడా? ఆకలిగొన్న నేలమీద వినోదము నిలువదని నిర్మాత భయపడినచో అతనిని తప్పుపట్టలేము. అమెరికా చిత్రములలో సైతము పడమటిసీమ బీదది. కాని ఆ బీదతనమును శతాబ్దము గడచిన పిదప చూచుచున్నారు. మన కరవు నిన్నటిది, రేపటిదియును.

ఆ భయము పూర్తిగా నిజము కాదని నాలుగేండ్లలోనే తేలినది. హిందీలో 'షోలే' (1975) తీయువారు ఉత్తరదేశపు ఎడారిని విడిచి దక్షిణమునకు వచ్చి, బెంగుళూరు చెంతనున్న రామనగరము గుండ్రాళ్లలో గబ్బర్‌సింగును నిలిపిరి. రామనగరమునకు పూర్వనామము క్లోజుపేట. భూగర్భ శాస్త్రజ్ఞులు క్లోజుపేట గ్రానైటు అని పేరిడిన శిలాపంక్తి అక్కడ మొదలై ఉత్తరముగా సాగి, అనంతపురపు పడమటి అంచుల మీదుగా హంపివైపు పోవును. అనగా తెలుగువారు రాళ్లను విడిచి ఇసుకకై ఉత్తరమునకు పోయిరి; ఉత్తరమువారు ఇసుకను విడిచి మన రాళ్లవరుసకు వచ్చిరి. దేశమంతయు చూచి మెచ్చినది ఆ రాళ్లనే. ఇదే శిల కళ్యాణదుర్గము, రాయదుర్గముల దారిలో పేరు లేక నిలిచియున్నది. అక్కడ దానిని కంకరకై పగులగొట్టుట తప్ప ఇతర కీర్తి దానికి దక్కలేదు.

నటుడు దర్శకుడైన పిదప యేమి చేసెను? చేత కలమును, వెనుక సంస్థయు నుండగా కృష్ణ తుపాకికి మరలలేదు. 'సింహాసనం' కత్తుల చిత్రము, రాజుల చిత్రము, జానపదము. కౌబాయ్ చిత్రమును నిర్మాతగా సాహసించిన మనిషి దర్శకుడుగా దానికి పూర్వరూపమైన జానపదమును ఎన్నుకొనుట విశేషము. మా అంచనాలో కారణమిది: కౌబాయ్ వేషము ఆయనకు ఒక విజయము, జానపదము ఆయన తరమునకు మాతృభాష. వేషమును మాత్రము ఇతరులు కొనసాగించిరి. చిరంజీవి 'కొదమసింహం' (1990), మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' (2002) ఆ వరుసలోనివి. రెండవదానిలో కృష్ణ అతిథిగా కనబడుట వంశపారంపర్యపు ముద్ర వంటిది. ఇన్ని చిత్రములలోను గొడ్లకాపరి యనిపించుకొన్న నాయకునికి ఒక్క ఆవు లేకపోవుట మాకు ఎప్పుడును వింతగానే ఉండును. కంబళి భుజాన వేసికొని వందల గొఱ్ఱెలను మడకశిరనుండి ఊరూర మేపుకొని పోవు కురుబలు నిజమైన కాపరులు. వారికి టోపీ లేదు.

1999లో 'సమరసింహారెడ్డి' వచ్చిన పిదప తెలుగు చిత్రము రాయలసీమకు వచ్చినది. బాంబులు, వేటకొడవళ్లు, తెల్లచొక్కాలు, సుమోల వరుస. కౌబాయ్ చిత్రమునకు కావలసిన ఒంటరి న్యాయము, వంశవైరము, చట్టము లేని ఊరు ఇవన్నియు ఇందు చేరినవి. కాని 1971లో ఆరుద్ర చేసిన పని, వేషమునకు కాలమును వెదకుట, ఈ చిత్రములలో జరుగలేదు. పాలెగాడు ఎక్కడనుండి వచ్చెను, అతని కావలి పన్ను ఎట్లు కాంట్రాక్టుగా మారెను, నీరు లేని నేల పంచాయితీ పగ యెట్లు పెంచెను అను ప్రశ్నలు లేవు. పగ ఈ సీమవారి రక్తముననే కలదన్నట్లు చూపుట చరిత్రను రక్తమునకు అప్పగించి చేతులు కడుగుకొనుట. రాజస్థానమునకు పోయిన చిత్రము ఈ నేలను విడిచినది. ఇక్కడకు వచ్చిన చిత్రములు ఈ నేలను చూడలేదు. మొదటిదానిని మన్నింపవచ్చును.

ఆరుద్ర 1998లో, కె.ఎస్.ఆర్. దాస్ 2012లో, నాయిక విజయనిర్మల 2019లో, కృష్ణ 2022 నవంబరు 15న కాలధర్మము చెందిరి. 2023 మే 31న, కృష్ణ జన్మదినమున, చిత్రమును నూతన ప్రతితో థియేటర్లలో మరల ప్రదర్శించిరి. ఆరుద్ర సాహిత్యచరిత్రను, చిత్రరచనను ఎదురెదురుగా నుంచి చదువు పని ఏ తెలుగుశాఖ విద్యార్థియైనను చేపట్టవచ్చును: పాలెగాండ్ర యుగమును గూర్చి సంపుటములలో ఆయన వ్రాసినదేమి, తెరకు వ్రాసినదేమి, ఆ రెంటికిని నడుమ విడిచిపెట్టినదేమి. గుంతకల్లు, గుత్తి, ఆదోని థియేటర్లలో 1971లో ఈ చిత్రమును చూచినవారు ఇంకను కొందరున్నారు. వారిని అడిగినచో, తమ ఊరి కొండవంటి కొండను తెరమీద చూడక వారు నిరాశపడిరో లేక తమ కరవును అక్కడ చూడకపోవుటయే వారికి హాయిగా తోచెనో తెలియగలదు.